సమీక్షకుని ఋణం

పత్రికలో వచ్చే సమీక్షకు ఆయుస్సు తక్కువ. మరుసటి సంచిక వచ్చేసరికి అది పాతబడుతుంది. గ్రంథం నిలిచినా, దానిని గూర్చి మొదట ఎవరేమన్నారో జ్ఞాపకముంచుకొనేవారు అరుదు. సమీక్షకుడు చిన్నవాడైతే అతని మాటను వయస్సు దుడుకుతనం క్రింద జమకట్టి ఊరుకోవడం లోకసహజం. అయినా అట్టి సమీక్షలోని నాలుగు మాటలు ఒక వృద్ధ రచయిత చివరి సంవత్సరాలకు వెలుగునిచ్చి, మరుగుపడిన నవలను లోకానికి తిరిగి అందించిన ఉదంతం ఒకటి ఫ్రాన్సు దేశంలో జరిగినది. ఆ సమీక్షకుడు ఫ్రాన్స్వా త్రూఫో. ఆ నవల ఆంరీ పియేర్ రోషే వ్రాసిన ‘జూల్ ఎ జిమ్’.

రోషే 1879లో జన్మించాడు. చిత్రకారుల సాహచర్యంలో, చిత్రాల సేకరణలో, దినచర్యలు వ్రాసుకొనడంలో జీవితం గడిపి, తొలి నవలను 1953లో, తన డెబ్బది నాలుగవ ఏట ప్రచురించాడు. ఇద్దరు మిత్రులు, వారిరువురూ ప్రేమించిన ఒక స్త్రీ—ఇదీ కథ. స్వానుభవాన్నే దశాబ్దాల దూరం నుండి చూచి, చిన్న చిన్న వాక్యాలలో, ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా చెప్పాడు. నవల వెలువడినప్పుడు దానిని గమనించినవారు కొద్దిమందే. రెండేండ్ల తరువాత పారిస్‌లో పాత పుస్తకాల నడుమ అది త్రూఫో కంటబడింది. మొదట అతనిని ఆకర్షించినది పేరులోని అనుప్రాస. పిదప, అది డెబ్బదేండ్లు దాటినవాని తొలి నవల అన్న వింత. అప్పటికి త్రూఫోకు ఇరువది మూడేండ్లు.

1956లో అతడు ‘ఆర్ట్స్’ అనే వారపత్రికలో ఎడ్గార్ ఉల్మర్ తీసిన ‘ది నేకెడ్ డాన్’ అనే అమెరికన్ చిత్రాన్ని సమీక్షించాడు. అది స్వల్ప వ్యయంతో తీసిన చిన్న చిత్రం. మెక్సికోలో ఒక దొంగ ఒక పేద రైతు ఇంటికి వస్తాడు; ఆ రైతు, అతని భార్య, ఆ దొంగ—ఈ ముగ్గురి నడుమ మారుతూ వచ్చే మనస్సులే అందులోని ఇతివృత్తం. పేరున్న విమర్శకులు అట్టి చిత్రాన్ని రెండు వాక్యాలలో తేల్చివేస్తారు. త్రూఫో అట్లా చేయలేదు. ముగ్గురిలో ఎవరినీ తక్కువ చేయని ఆ కథనాన్ని చూచి, అతడు రోషే నవలను తలచుకొన్నాడు. ‘జూల్ ఎ జిమ్’ను చిత్రంగా తీయడం సాధ్యమేనన్న భావన తనకు ఈ చిత్రం వల్లనే కలిగినదని వ్రాశాడు.

చిత్రాన్ని నవలతో పోల్చడం కొత్త కాదు. కాని సాధారణంగా ఆ పోలిక కథను పట్టుకొని సాగుతుంది. ఇక్కడ రెంటికీ కథలో పోలిక స్వల్పం. పోలిక ఉన్నది చెప్పే తీరులో, పాత్రల యెడల కర్తకు గల దయలో. నవలను చదివిన కంటితో చిత్రాన్ని చూచి, చిత్రాన్ని చూచిన కంటితో నవలను మరల చదవగలగడం ఆ యువకుని అసలైన ప్రతిభ. ఆ సమీక్ష రోషే దృష్టికి వచ్చింది. ఆయన ఉత్తరం వ్రాశాడు; ఇరువురికీ స్నేహం కుదిరింది.

అంతమాత్రాన త్రూఫోను ఆదర్శ విమర్శకుడని చెప్పబోతే తొందరపాటు అవుతుంది. ఇరువది రెండేండ్లయినా నిండకమునుపు, 1954 జనవరిలో, ‘కయే ద్యు సినిమా’ పత్రికలో అతడు ప్రచురించిన వ్యాసం ఫ్రెంచి చిత్రరంగాన్ని కుదిపివేసింది. నవలలోని కొన్ని సన్నివేశాలు చిత్రానికి పనికిరావని, వాటికి బదులు ‘తుల్యమైన’ సన్నివేశాలు కల్పించవలెనని జాఁ ఓరాంష్, పియేర్ బోస్ట్ అనే ప్రసిద్ధ చిత్రరచయితల సిద్ధాంతం. బెర్నానోస్ రచించిన ‘పల్లె మతాచార్యుని దినచర్య’ను ఓరాంష్ అట్లాగే మార్చగా మూలరచయిత అంగీకరించలేదు. తీయ వీలుకాదన్న సన్నివేశాన్నే 1951లో రోబేర్ బ్రెస్సాన్ తీసి చూపాడు. త్రూఫో వాదం బలమైనదే. అయితే అందుకు అతడు వాడుకొన్న అముద్రిత చిత్రానువాదాన్ని నమ్మకంతో చదువనిచ్చినవాడు బోస్టే. సంపాదకుడు ఆంద్రే బాజాఁ ఆ వ్యాసాన్ని చాలకాలం ఆపి, తిరిగి వ్రాయించిన పిదపనే అచ్చువేశాడు. అదే లేకపోతే అది వట్టి తిట్టుగా మిగిలేదేమో. ఆ తీర్పు అంతిమమూ కాలేదు; 1974లో బెర్‌త్రాఁ తవెర్నియే తన తొలి పెద్ద చిత్రానికి ఆ ఇద్దరినే రచయితలుగా పిలుచుకొన్నాడు.

ఇంతకన్న పెద్ద తప్పు మరొకటున్నది. ఉల్మర్ చిత్రాన్ని మెచ్చిన ఆ 1956లోనే, కాన్ చిత్రోత్సవంలో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ ప్రదర్శన నడుమ త్రూఫో లేచిపోయాడు. మద్దిపట్ల సూరి అనువాదం ద్వారా తెలుగువారికి పరిచితమైన విభూతిభూషణుని నవలకు అది చిత్రరూపం. మెక్సికో రైతు గుడిసెలోని సున్నితత్వాన్ని గుర్తించిన కన్ను వంగదేశపు పల్లెలోని దానిని గుర్తించలేకపోయింది. ఓర్పు లేనిచోట ప్రతిభకు కూడ చూపు ఆనదు.

రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో భావకులను నాలుగు తెగలుగా చెప్పాడు: ఏదీ రుచించని అరోచకి, గడ్డితోసహా మ్రింగే సతృణాభ్యవహారి, గుణం కనబడినా ఒప్పుకోని మత్సరి, సారాన్ని పట్టగల తత్త్వాభినివేశి. వీరు నలుగురు వేర్వేరు మనుష్యులని అనుకొనడం పరిపాటి. త్రూఫోను చూస్తే ఒకే మనిషిలో, ఒకే సంవత్సరంలో, అరోచకీ తత్త్వాభినివేశీ కలిసి కాపురముండగలరని తెలుస్తుంది. యువ సమీక్షకుని అభిప్రాయాలన్నీ సరియైనవి కావలెనని కోరడం అత్యాశ. అడుగవలసినది ఒక్కటే: తన మెప్పుకు అతడు పూచీ పడినాడా?

త్రూఫో పూచీ పడినాడు. నవలను చిత్రంగా తీయగలనన్న ధైర్యం కుదిరేవరకు ఆగినాడు. 1959 ఏప్రిల్‌లో నాయికగా తాను అనుకొన్న జాన్ మోరో ఛాయాచిత్రాలు పంపగా, రోషే చూచి సంతోషించి జాబు వ్రాశాడు. ఆ తరువాత కొద్ది రోజులకే కన్నుమూశాడు. చిత్రం 1962 జనవరిలో విడుదలయింది. ఒకనాడు పరుల చిత్రానువాదాలను నిలదీసినవాడు ఇప్పుడు తానే జవాబు చెప్పవలసివచ్చింది. నవలలోని జర్మను నాయికను అతడు ఫ్రెంచి స్త్రీగా మార్చాడు; మార్పు తగదన్న మొండిపట్టు పట్టలేదు. కాని రోషే వాక్యాలకు ‘తుల్యం’ వెదకక, వాటినే కథకుని గొంతుతో చదివించి చిత్రంలో నిలిపాడు. 1954 నాటి వాదానికి నిజమైన నిరూపణం అదే. చిత్రం వెంట నవలకూ పాఠకులు పెరిగారు. 1963లో అది ఆంగ్లంలోకి వెళ్ళింది. 1971లో రోషే రెండవ నవలను కూడ త్రూఫో తెరకెక్కించాడు.

తెలుగులో నవలలు చిత్రాలైన చరిత్ర చిన్నది కాదు. శరత్తు ‘దేవదాసు’ 1953లోను, కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గాను తెరకెక్కినవి. అట్టి చిత్రాలు వచ్చినప్పుడెల్లా మూలానికి న్యాయం జరిగినదా లేదా అన్న ఒక్క ప్రశ్నతోనే సమీక్షకు తలుపు మూయడం అలవాటయింది. రచయిత పాత్రలను ఏ దూరం నుండి చూచాడు, కెమెరా ఆ దూరాన్ని పాటించినదా అన్నది అంతకన్న కష్టమైన ప్రశ్న. ఆ ప్రశ్న అడుగగల యువకునికి పత్రికలో చోటివ్వడం, బాజాఁ వలె అతనిచేత తిరిగి వ్రాయించడం పెద్దల పని. ఎక్కడో పాత పుస్తకాల గుట్టలో పడి ఉన్న నవలను చదివి, దానిని నలుగురి ముందు పేరెత్తి చెప్పడం ఆ యువకుని పని. ఆ నవల వ్రాసిన వృద్ధుడు ఇంకా ఉత్తరం కోసం చూస్తూ ఉండవచ్చు.