మంట దగ్గరి మనిషి

బిలాస్‌పూర్ తోర్వాలో రైల్వే కొలువులతో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో పప్పు, చారు, ఆవకాయ సొంతంగా చేసుకునేవే. మంచూరియా మాత్రం వీధి చివరి నుంచి పార్సెల్‌గా రావాలి. ఇంట్లో ఎందుకు కుదరదో చైనీస్ బండి పక్కన కాసేపు నిలబడితే తెలుస్తుంది: వంటింటి స్టవ్‌కి ఆ మంట లేదు.

ఈ ఊరు హౌరా–ముంబై లైను మీదుంది. తమాషా ఏమిటంటే, ఈ వంటకి రెండు పుట్టిళ్లూ ఆ లైను చివర్లే. ఒక కొసన కలకత్తా టాంగ్రాలో హక్కా చైనీయుల వంటశాలలు. రెండో కొసన బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా, అక్కడే 1975లో నెల్సన్ వాంగ్ చికెన్ మంచూరియా చేశాడంటారు.

బండి మీద వండే మనిషి పనితనమంతా మంట వెలిగించకముందే మొదలవుతుంది. ఫ్రైడ్ రైస్‌కి అన్నం పలుకుగా వార్చి, పూర్తిగా ఆరబెడతాడు; వేడన్నం కడాయిలో వేస్తే ముద్దవుతుంది. తరిగిన క్యాబేజీని ఉప్పేసి గట్టిగా పిండకపోతే మంచూరియా ఉండలు నూనెలో విచ్చిపోతాయి. ఇక మంట మీద అంతా క్షణాల లెక్క. వెల్లుల్లి మాడకూడదు, ఉల్లికాడ వాడకూడదు, సోయా సాస్ చెంచాతో కాదు, మణికట్టుతో కొలవాలి. ఒక చేత్తో కడాయి ఎగరేస్తూ, రెండో చేత్తో గరిట తిప్పుతూ, “భయ్యా, మిర్చీ కమ్” అన్న మాటకి తల ఊపుతాడు. ఎవరి పార్సెల్‌లో కారం తగ్గాలో మరిచిపోడు.

కొనేవాళ్లకీ కాస్త తెలివి కావాలి. గ్రేవీ, ఉండలు విడివిడిగా కట్టించుకోండి. ఫ్రైడ్ రైస్ ఇంటిదాకా బాగానే వస్తుంది. నూడుల్స్ అక్కడే తినేయడం మేలు. మూత కింద ఆవిరికి మెత్తబడిపోతాయి.