తలుపు తీసేది ఎవరు?

ఫిలిప్పీ పట్టణం వెలుపల, ఏటి ఒడ్డున, విశ్రాంతి దినాన కొందరు స్త్రీలు ప్రార్థనకు చేరారు. తుయతైర ఊరి నుంచి వచ్చి ఊదారంగు సరకు అమ్ముకునే లూదియ వారిలో ఒకరు. పౌలు మాట్లాడుతుంటే ప్రభువు ఆమె హృదయాన్ని తెరిచాడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెబుతుంది. దర్శనం లేదు, ఉరుము లేదు. వింది, నమ్మింది, ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పుచ్చుకుని, పౌలు బృందాన్ని పట్టుబట్టి ఇంటికి తీసుకెళ్లింది.

ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో మాత్రం క్రీస్తే బయట నిలబడి తలుపు తడతాడు, తీయవలసింది లోపలివాళ్లు. ఆంగ్ల చిత్రకారుడు విలియం హోల్మన్ హంట్ 1850లలో ఈ సన్నివేశాన్ని 'ద లైట్ ఆఫ్ ద వరల్డ్' పేరుతో చిత్రించాడు. పిచ్చిమొక్కలు అల్లుకున్న ఆ తలుపుకు బయటివైపు పిడి ఉండదు.

మరి తీసేది దేవుడా, మనిషా? 5వ శతాబ్దంలో ఈ ప్రశ్న మీదే పెద్ద వాదం నడిచింది. మనిషి తన ఇష్టంతో మంచివైపు తిరగగలడన్నాడు పెలాగియస్. ఆ ఇష్టాన్ని కదిలించేది కూడా కృపేనన్నాడు అగస్టీను. 529లో ఆరెంజ్ సభ అగస్టీను వైపే మొగ్గి, విశ్వాసపు తొలి అడుగు కూడా దేవుని వరమేనని తేల్చింది.

అలాగని మనిషి చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 12వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి రెండవ గిగో ఒక నిచ్చెనకు నాలుగు మెట్లు చెప్పాడు: పఠనం, మననం, ప్రార్థన, ధ్యానం. సాధకుడు బైబిల్లో పేజీలకు పేజీలు చదవడు. నాలుగైదు వచనాలు తీసుకుని నెమ్మదిగా చదువుతాడు. ఏదో ఒక మాట దగ్గర మనసు చిక్కుకుంటే అక్కడే ఆగి, దాన్నే నెమరేస్తాడు. అందులోంచి పుట్టిన బాధనో సంతోషాన్నో దేవుడితో చెప్పుకుంటాడు. ఆఖరి మెట్టు మీద మాటలు మాని ఊరుకుంటాడు. మొదటి మూడూ మనిషి ప్రయత్నాలు. నాలుగోది దేవుడు ఇస్తేనే దక్కుతుంది.

ప్రయత్నానికీ ఫలానికీ ఉన్న ఈ ఎడం జాన్ వెస్లీకి బాగా తెలుసు. అప్పటికే ఆయన పాదిరి, అమెరికాలోని జార్జియా దాకా వెళ్లి నిరాశతో తిరిగొచ్చిన మిషనరీ. 1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూటానికి మనసొప్పకుండానే వెళ్లాడు. రోమీయులకు రాసిన పత్రికకు లూథర్ పీఠికను అక్కడ ఎవరో చదువుతున్నారు. రాత్రి తొమ్మిదికి పావుగంట ముందు తన గుండె వింతగా వెచ్చబడిందని ఆయన దినచర్యలో రాసుకున్నాడు.

తెరుచుకున్నది హృదయమేనా, అవసరమా అన్న సందేహం సంఘానికి ఎప్పుడూ ఉంటుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. అయినా జనం వదల్లేదు. తమకు డబ్బు వద్దని, కష్టపడి బతుకుతున్నామనడానికి చేతుల మీది బొబ్బలే సాక్ష్యమని వాదించారు. బోధకులు ఒక్కొక్కరినీ ప్రశ్నించి, జల్లెడపట్టి ఎంచారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఇద్దరేసి బోధకులు వంతులవారీగా దిగి, ఆ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.