గయోపాఖ్యానం: శరణాగతుని విన్నపం - నైతిక విలువల సంఘర్షణ

1. ప్రవేశిక:
వ్యాసభారతంలో లేకున్నా తెలుగు రంగస్థలంపై చిరకాలం నిలిచిన కథ గయోపాఖ్యానం. చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకంగానూ, 1963లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'శ్రీకృష్ణార్జున యుద్ధం' చలనచిత్రంగానూ ఇది ప్రజాదరణ పొందింది. దీనిని కృష్ణార్జునుల పరాక్రమగాథగా చూడటం పరిపాటి. శరణార్థి పట్ల వైఖరి ఎలా రూపొందుతుందో తెలిపే కథగానూ దీనిని పరిశీలించవలసి ఉంది.

2. విలువలు - విన్నపం:
గగనమార్గాన పోతున్న గయుడు ఉమ్మిన తాంబూలం సూర్యునికి అర్ఘ్యమిస్తున్న కృష్ణుని దోసిట పడుతుంది. అది తెలియక జరిగిన తప్పు. అయినా కృష్ణుడు సంహార ప్రతిజ్ఞ చేస్తాడు. నైతిక మనోవిజ్ఞానంలో జొనాథన్ హైట్ ప్రభృతులు గుర్తించిన పవిత్రత, అధికార గౌరవం, స్వపక్ష విధేయత, ఆర్తరక్షణ అనే విలువలు ఇక్కడ ఎదురెదురుగా నిలుస్తాయి. కృష్ణుని ఆగ్రహానికి మూలం పవిత్రతాభంగం. అర్జునుని అభయానికి మూలం ఆర్తరక్షణ.

గయుడు ముందు అభయం పొంది, తరువాతనే శత్రువు పేరు చెబుతాడు. కథకు కీలకం ఈ క్రమమే. ప్రాణాపాయంలో ఉన్నానన్న మొర ఆర్తరక్షణను మేల్కొలుపుతుంది. కృష్ణుని పేరే ముందు వినబడి ఉంటే బంధుత్వం, విధేయత అడ్డు నిలిచేవి. వాస్తవం ఒక్కటే అయినా, చెప్పే వరుసను బట్టి వినేవానిలో మేల్కొనే విలువ మారుతుంది. ఇలా పొందిన అభయం చెల్లుతుందా అన్న సందేహం సహజం. పేరు తెలిసిన తరువాత కూడా అర్జునుడు వెనుదీయకపోవడమే దానికి సమాధానం. విన్నపపు తీరు అభయాన్ని సంపాదించి పెట్టగలదు. దానిని నిలిపేది మాత్రం విలువే.

3. పరిమితి:
అభయం లభించాక గయుడు కథలో వెనుకకు పోతాడు. రక్షణ అతని హక్కుగా గాక అర్జునుని ప్రతిజ్ఞాపాలనగా మిగులుతుంది. 'శరణార్థి' అనే పదం కూడా శరణు ఇచ్చేవాని వైపే చూస్తుంది. 'కాందిశీకుడు' మాత్రం 'ఏ దిక్కుకు' అనే పారిపోయేవాని ప్రశ్న నుండి పుట్టిన పదం. ప్రాణభయమున్న చోటికి శరణార్థిని తిప్పి పంపరాదన్న నియమాన్ని 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం దేశాల బాధ్యతగా చేసింది. భారతదేశం అందులో చేరలేదు; శరణార్థులకై ప్రత్యేక చట్టమూ చేయలేదు. కనుక ఇక్కడ వారి భవితవ్యం చాలావరకు ప్రభుత్వ విచక్షణపైనే ఆధారపడి ఉంది.

4. ముగింపు:
గయోపాఖ్యానం ఆశ్రయమిచ్చేవాని ఔన్నత్యాన్ని సమర్థంగా చిత్రించింది. అర్జునుడు దొరకని గయుని గతి ఏమిటన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు. ఈ కథను పునర్మూల్యాంకనం చేసే విమర్శ ఆ ప్రశ్న నుండే ఆరంభం కావాలి.