ఎల్‌సీ ఎవరు తీసుకున్నారు?

“ఎల్‌సీ తీస్కున్న మనిషితోనే మాట్లాడియ్యి. ఆయన చెప్పేదాక లైన్ ఛార్జ్ చెయ్య.”

రుద్రూర్ దిక్కు ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఈ వారం ఫోన్లో అన్న మాట ఇది. నాట్ల రోజులు. బోర్లు ఆగి, రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. పని అయిపోయిందని అవతల ఎవరో చెబుతున్నా ఆయన కదల్లేదు. ఎల్‌సీ అంటే లైన్‌క్లియర్, లైన్ ఆపించి పని చేసుకునే అనుమతి. అది తీసుకున్న లైన్‌మనే మాట్లాడాక ఫీడర్ పేరు, ఎల్‌సీ నంబరు, మనుషులంతా దిగారా, ఎర్తింగ్ రాడ్లు తీశారా అని ఒక్కొక్కటీ చెప్పించుకుని, తానూ తిరిగి పలికి, రిజిస్టర్‌లో రాసి, అప్పుడు బ్రేకర్ వేశాడు. నాకు మనసు నిండింది.

విన్న మాటను తిరిగి పలకాలని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. జపాన్ రైల్వేల్లో సిగ్నల్‌ను వేలితో చూపి పైకి పలుకుతారు. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో పరీక్షిస్తే, ఒక తేలిక పనిలో నూటికి 2.38 ఉన్న పొరపాట్లు ఈ పద్ధతితో 0.38కి తగ్గాయి. మన రైళ్లలోనూ లోకో పైలట్, సహాయకుడు సిగ్నల్‌ను ఒకరికొకరు వినిపించుకుంటారు.

రైలంటే గుర్తొచ్చింది. నిజామాబాద్ మీదుగా మీటర్‌గేజ్ బండ్లు నడిచిన రోజుల్లో, స్టేషన్లో బండి నెమ్మదించగానే డ్రైవర్ చెయ్యి చాచి పేము రింగు అందుకునేవాడు. దానికి వేలాడే తోలు సంచిలో ఇనుప బంతి. అది చేతికొస్తేనే ముందున్న సింగిల్ లైన్ మీదికి బండి కదలాలి. అవతలి స్టేషన్లో ఆ బంతిని యంత్రంలో వేసేదాకా రెండు స్టేషన్ల యంత్రాలూ ఇంకో బంతిని వదలవు. స్టేషన్ మాస్టర్ నిద్రమత్తులో ఉన్నా, పైనుంచి ఎవరు గద్దించినా వదలవు. పిల్లలం ఆ రింగు మార్చుకోవడం చూడ్డానికే ప్లాట్‌ఫాం చివరికి పరుగెత్తేవాళ్లం. ఎదురెదురు బండ్లు ఒకే పట్టా మీదికి రాకుండా కాపాడింది ఆ బంతే.

అది గుర్తొచ్చాక ఆపరేటర్ని చూసి కలిగిన సంతోషం నిలవలేదు. ఆయన దగ్గర అలాంటి బంతి లేదు, మాటే ఆధారం. నూటికి 0.38 అంటే సున్నా కాదు. స్తంభం మీదున్న మనిషికి ఒక్క పొరపాటు చాలు. రాత్రి డ్యూటీ, గాలివాన, ఒకే పేరుకు ఒకటి, రెండు అని అంకె తగిలించిన ఫీడర్లు, ఒకే స్తంభాల మీద రెండు లైన్లు, ఒకే ఫీడర్ మీద రెండు చోట్ల రెండు గ్యాంగులు. ఎంత శ్రద్ధగలవాడైనా ఇంత చిక్కులో ఏదో ఒకరోజు తప్పు వింటాడు. పెద్ద సబ్‌స్టేషన్లలో బ్రేకర్ తెరవందే ఐసోలేటర్ కదలకుండా ఇంటర్‌లాక్ పెట్టేది అందుకే. లోడ్ మీద ఐసోలేటర్ లాగితే పుట్టే ఆర్క్‌ను ఆర్పే శక్తి దానికి లేదు. ఊరి 11 కేవీ లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్‌కైతే కనీసం తాళమన్నా వేయాలి. ఆ తాళంచెవి పైకెక్కే మనిషి జేబులోనే ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్ రాడ్. కరెంట్ లేదని టెస్టర్‌తో చూసుకుని, పనిచేసే చోటికి అటూ ఇటూ మూడు ఫేజులనూ కలిపి ఎర్త్ చేయాలి. అప్పుడు ఎవరు పొరపాటున లైన్ వేసినా కరెంట్ భూమిలోకి పోతుంది, బ్రేకర్ ట్రిప్ అవుతుంది. సబ్‌స్టేషన్‌తో సంబంధం లేని ప్రమాదం నుంచీ అదే కాపాడుతుంది. రైస్‌మిల్లులోనో ఫంక్షన్‌హాల్లోనో జనరేటర్‌ను లైన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ వేస్తే, ఆ 400 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్లి 11,000 అయి లైనెక్కుతాయి. ఆ కరెంట్ ఏ ఆపరేటర్ రిజిస్టర్‌లోనూ ఉండదు.

ఆపరేటర్ శ్రద్ధను మెచ్చుకుందాం. ప్రాణానికి భరోసా మాత్రం తాళం, రాడ్లే ఇవ్వాలి. రాడ్లు లేకుండా వచ్చిన లైన్‌మన్‌ను స్తంభం ఎక్కమని తొందరపెట్టకండి. లైన్ మీద పని జరుగుతుంటే ‘ఎప్పుడిస్తవ్’ అని సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయకండి. మీ జనరేటర్‌కు చేంజోవర్ స్విచ్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి.