క్యూసెక్కుల మనిషి

మంగళవారం మాచర్లలో బస్సు రాక, టీకొట్టు దగ్గర నిలబడ్డాను. పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్లు పులిచింతల ప్రాజెక్టు నీటిమట్టం గురించి మాట్లాడుకుంటున్నారు. "దానికి పెట్టిన పేరు కె.ఎల్.రావు సాగర్ అబ్బాయ్" అన్నాను. "ఆయనెవరండీ?" అన్నాడొకడు. మర్యాదగానే అడిగాడు. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు తాగి పెరిగిన పిల్లవాడు ఆ మాట అడగడం నాకు రెండు రోజులు మింగుడు పడలేదు.

నాదొక పాత గొడవ. గోదావరి జిల్లాల్లో ఆనకట్ట కట్టిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి. శ్రీనాథ కవి జొన్నకూడు తినలేక విసుక్కున్న పల్నాట వరి పండించిన మన ఇంజనీరును తలుచుకునే ఇళ్లెన్ని?

కానూరి లక్ష్మణరావు 1902లో కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బళ్లో ఆడుకుంటుండగా దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది. గిండీలో చదివారు, రంగూన్‌లో పాఠాలు చెప్పారు, బర్మింగ్‌హామ్‌లో డాక్టరేటు తెచ్చుకున్నారు. కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో చీఫ్ ఇంజనీరుగా ఎన్నో ఆనకట్టల డిజైన్లు చూశారు. ఉద్యోగం అయిపోయాక పడక్కుర్చీ వేసుకోలేదు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లారు, మరుసటేడే కేంద్రంలో నీటిపారుదల శాఖ చేపట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలిననాడు ఆ శాఖ మంత్రి ఆయనే.

ఆ ఒక కన్ను గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు మా పొలం గట్టు గుర్తొస్తుంది. పిల్లకాలువ సర్వేకి ఒక ఓవర్సీరుగారు వచ్చారు. పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి, ఊళ్లో అందరికీ 'మిలిటరీ ఆయన'. అంకెలున్న పొడవాటి కర్ర నా చేతికిచ్చి, "నిటారుగా పట్టుకోరా. నీ చెయ్యి వంగితే రేపు నీళ్లు వంగుతాయి" అన్నారు. ఎండలో గంటసేపు కదలకుండా నిలబడ్డాను. పని అయ్యాక ఎత్తుపల్లాలు చూసే డంపీ లెవెల్ దగ్గరికి పిలిచి, "ఒక కన్ను మూసుకుని చూడు" అన్నారు. అద్దంలో మా నాన్న తలకిందులుగా కనిపించాడు, గట్టు ఆయన నెత్తిన. నేను కెవ్వుమన్నాను. అది అద్దం తీరని, నీళ్లు మాత్రం తలకిందులుగా పారవని, ఈ చుక్కకూ ఆ చుక్కకూ ఉన్న ఎత్తు తేడా అంగుళాల్లో రాసుకుంటే కాలువ దారి దానంతటదే తెలుస్తుందని చెప్పారు. కుడికాలువ 203 కిలోమీటర్లు పోయేది ఆ వాలు మీదే. లెవెల్‌లోకి ఎంత గొప్పవాడైనా చూసేది ఒక కంటితోనే. లక్ష్మణరావుగారికి ఆ చూపు చిన్ననాడే అలవాటైందని నాకనిపిస్తుంది.

మిలిటరీ ఆయన రిటైరై, ఎప్పుడో పోయారని విన్నాను. వెళ్లి చూడలేకపోయాను. ఆ బాధ ఉంది.

ఈ వారం నరసరావుపేటలో లక్ష్మణరావుగారి విగ్రహం పెట్టాలని రాద్దామనే కూర్చున్నాను. కాగితం మీద కలం పెట్టాక టీకొట్టు మళ్లీ గుర్తొచ్చింది. నన్ను ఆయనెవరని అడిగిన కుర్రాడే, బస్సు వచ్చేలోపు, మూల కూర్చున్న ఒక పెద్దాయన "కుడికాలవకి ఎన్ని వదిలార్రా?" అంటే, తడుముకోకుండా క్యూసెక్కుల్లో చెప్పాడు. పెద్దాయన వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే దాదాపు రెండెకరాల్లో అడుగు లోతు నీరు నిలుస్తుంది. ఆ లెక్క ఆయనకు ఏ బళ్లోనూ చెప్పి ఉండరు.

లక్ష్మణరావుగారు తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు 'ది క్యూసెక్స్ క్యాండిడేట్'. 1986 మే 18న ఆయన కన్నుమూశారు. విగ్రహం మాట ఇక ఎత్తను.

"చివరి భూములకి ఎప్పటికి చేరతాయి?" అని పెద్దాయన అడుగుతున్నాడు. కుర్రాడు టీ గ్లాసు పక్కకు జరిపి, బల్ల మీద ఒలికిన నీళ్లలో వేలితో కాలువ గీస్తున్నాడు. నా బస్సు వచ్చింది.