డె స్టైల్: ఐమూలరేఖా వివాదము

క్రీ. శ. 1917వ సంవత్సరము అక్టోబరు మాసమున హాలండు దేశమందలి లైడెన్ పట్టణమునుండి "డె స్టైల్" అను పత్రిక వెలువడెను. డచ్చిభాషలో నీ పేరునకు "శైలి" యని యర్థము. శైలులలో నిది యొకటి యని కాదు. శైలి యన్న నిదియే యని పేరు పెట్టినవారి యభిప్రాయము. కావ్యమునకు రీతియే యాత్మ యని సిద్ధాంతీకరించిన వామనుఁడు సైతము వైదర్భి, గౌడి, పాంచాలి యని మూఁడు రీతుల నంగీకరించెను. ఈ డచ్చివా రొక్కదానినే యంగీకరించిరి. వారి బలమునకును, వారి కలహమునకును గూడ నీ పట్టుదలయే మూలము.

పత్రికాసంపాదకుఁడు థియో వాన్ డూస్‌బర్గ్. చిత్రకారులలోఁ బ్రముఖుఁడు పీట్ మాండ్రియన్. 1918వ సంవత్సరపు ప్రకటనపత్రమున వీరు వ్యక్తిగతమును విడిచి విశ్వజనీనము నాశ్రయింపవలయునని చాటిరి. మాండ్రియన్ చిత్రములయందు వస్తుసాదృశ్యము పోయినది, ఛాయ పోయినది, వంకరరేఖ పోయినది. మిగిలినవి నిలువురేఖయు, అడ్డరేఖయు, ఎఱుపు, పసుపు, నీలములును, వానితోడి తెలుపు, నలుపు, ధూసరవర్ణములును మాత్రమే. తొలుత వృక్షములను, సముద్రతీరములను జిత్రించిన మాండ్రియన్ 1909లో దివ్యజ్ఞానసమాజమునఁ జేరెను. 1882 మొదలు మద్రాసునందలి అడయారు ఆ సమాజమునకుఁ బ్రధానస్థానము. నిలువురేఖయందుఁ బురుషతత్త్వమును, అడ్డరేఖయందు స్త్రీతత్త్వమును అతఁడు భావించెను. ఇది చూచి మన పండితులు ప్రకృతిపురుషులను స్మరింతురు. స్మరింపవచ్చును గాని, అతఁడు సాంఖ్యము చదివెననుట తొందరపాటు.

1924 మొదలు వాన్ డూస్‌బర్గ్ తన చిత్రములలో ఐమూలరేఖను బ్రవేశపెట్టెను. మాండ్రియన్ పత్రికతోడి సంబంధము విడిచెను. ఇందుకు స్వభావభేదమును గొంత కారణము గావచ్చును. ఒక్క యేటవాలు గీతకై యింత కలహమా యని నవ్వువారు, యతిభంగమునకై మన సభలలో జరిగిన వాదములను దలఁచుకొందురు గాక. వింత యేమనఁగా, మాండ్రియన్ తానే 1918 మొదలు కొన్ని పటములను మూలమీఁద నిలిపి చిత్రించెను. అంచు వాలవచ్చును, రేఖ వాలరాదు! వాలినచోఁ జలనము పుట్టును, సమస్థితి చెడును. ఇది మొండితనము గాదు. తన ఛందస్సు నెఱిఁగిన కవి పట్టుదల.

బద్దయు, మూఁడు రంగులును గలవారెల్ల నిట్టివి చిత్రింపఁగలరను నాక్షేపణ కలదు. ఇది యచ్చుబొమ్మలు మాత్రమే చూచినవారి మాట. మూలచిత్రములయందు రేఖల లావు సమముగా నుండదు. కొన్ని రేఖలు అంచునకు రాకయే యాఁగును. తెలుపునందుఁ గుంచె నడిచిన జాడలు భేదించును. ఇరుప్రక్కల సమానముగాఁ బేర్పకయే తూనిక సాధించుట యిందలి కష్టము.

సాహిత్యమున వీరి ప్రయత్నము దుర్బలము. 1920లో సాహిత్యమునుగూర్చి యొక ప్రకటనపత్రము వెలువరించిరి. వాన్ డూస్‌బర్గ్ బోన్సెట్ అను మాఱుపేర నక్షరధ్వనులతోఁ బద్యములు గూర్చెను. రేఖ వస్తువును విడిచి నిలువఁగలదు. శబ్దము అర్థమును విడిచి యెంతోకాలము నిలువలేదు. వాస్తువునందు మాత్రము సిద్ధాంతము ప్రాణము దాల్చినది. 1924లో యూట్రెక్ట్ నగరమున రీట్‌వెల్ట్ కట్టిన ష్రోడర్ గృహమున మేడమీఁది గోడలు జరుపఁదగినవి. పగటి విశాలమందిరము రాత్రికి గదులగును. యునెస్కో దానిని 2000లో ప్రపంచవారసత్వ సంపదగా గుర్తించెను. 1965లో ఫ్రెంచి దర్జీ సాఁ లోరాఁ ఆ చతురస్రములను స్త్రీల దుస్తుల కెక్కించెను. వ్యాప్తి కలిగినది గాని తూనిక మిగులలేదు.

వాన్ డూస్‌బర్గ్ 1931లో మరణించెను. మఱుసటియేఁట నాతని స్మారకసంచికతోఁ బత్రిక నిలిచెను. మాండ్రియన్ న్యూయార్కు చేరి, 1942-43 సంవత్సరములలో "బ్రాడ్‌వే బూగీ వూగీ" చిత్రించెను. చిరకాలము విడువని నల్లరేఖలనే యందు విడిచి, చిన్న చిన్న రంగుల గళ్లతోఁ జలనము గల్పించెను. ఐమూలరేఖ మాత్ర మందును లేదు.