చుక్కాని పట్టినవారికి కనబడని దారి: సముద్రయాన వీడియో గేమ్‌లలో నియంత్రణలు, నేర్పు, శ్రమ

వ్యాససంగ్రహం

వీడియో గేమ్‌ను విమర్శకు తీసుకున్నప్పుడు కథ, దృశ్యం, సంగీతం ముందుకు వస్తాయి. ఆడేవారి చేయి ఏం చేస్తోందన్న ప్రశ్న వెనకబడుతుంది. ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ది విండ్ వేకర్’ (2002), ‘అసాసిన్స్ క్రీడ్ 4: బ్లాక్ ఫ్లాగ్’ (2013), ‘సీ ఆఫ్ థీవ్స్’ (2018) అనే మూడు గేమ్‌లలో ఓడ నడపడం నేర్చుకునే క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఓడపై పని ఎవరిదన్న ప్రశ్నకు ఒక్కో గేమ్ తన నియంత్రణ పద్ధతిలోనే జవాబు చెబుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, ఇంటర్‌ఫేస్, నియంత్రణలు, నౌకాయానం, శ్రమ, సామూహిక జ్ఞానం.

1. ఉపోద్ఘాతం

తెరచాప ఓడను ఒక్కరు నడపలేరు. ఒకరు చుక్కాని పట్టాలి, కొందరు తెరచాపల తాళ్లు లాగాలి, ఒకరు పైకెక్కి ముందున్నదేమిటో చూడాలి, లంగరు ఎత్తడానికి మరికొన్ని చేతులు కావాలి. గేమ్ కంట్రోలర్ మాత్రం ఒక్కరి రెండు చేతులకు, ఇంకా చెప్పాలంటే రెండు బొటనవేళ్లకు, సరిపడేలా తయారైన వస్తువు. ఇందరి పనిని ఆ రెండు వేళ్ల కిందికి ఎలా తేవాలన్నది సముద్రయాన గేమ్ రూపకర్తకు మొదట ఎదురయ్యే సమస్య. అతడు ఎంచుకున్న పరిష్కారమే కొత్తగా ఆడేవారు మొదటి గంటలో నేర్చుకునే పాఠం అవుతుంది.

గేమ్ తన వాదనను మాటలతో కంటే నియమాలతో, ప్రక్రియలతో వినిపిస్తుందని ఇయాన్ బోగొస్ట్ 2007లో ప్రచురించిన ‘పర్సుయేసివ్ గేమ్స్’ గ్రంథంలో వివరించాడు. బటన్ల అమరిక కూడా అటువంటి వాదనే అని తీసుకుంటే, ‘ఆడటం తేలికగా ఉందా, కష్టంగా ఉందా’ అన్న సమీక్షకుల ప్రశ్న చాలదు. ఆ తేలికకు ఎవరి పని కనుమరుగైందో కూడా అడగవలసి ఉంటుంది.

2. గాలిని మళ్లించే కర్ర

నింటెండో సంస్థ గేమ్‌క్యూబ్ యంత్రం కోసం రూపొందించిన ‘ది విండ్ వేకర్’లో లింక్ అనే బాలుడు ఒంటరిగా పడవ మీద తిరుగుతాడు. ఇక్కడ శ్రమను పంచుకునే మనుషులు లేరు. పడవే మాట్లాడుతుంది, దారి చెబుతుంది. సిబ్బంది అనే సమస్యను గేమ్ ఆ విధంగా దాటవేసింది. దాని స్థానంలో గాలితో వ్యవహారాన్ని పెట్టింది. గాలి వీచే దిశ మార్చాలంటే సంగీత నిర్వాహకుడి చేతికర్ర వంటి ఒక కర్రను తీసి, మూడు మాత్రల లయలో పైకి, ఎడమకు, కుడికి కదపాలి. తిస్రగతి పరిచయం ఉన్న తెలుగు పాఠకుడికి ఈ లెక్క కొత్త కాదు. లయ తప్పితే గాలి మారదు. గాలి మారాక తెరచాప విప్పితే పడవ పరుగెడుతుంది.

పటం విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. సముద్రం 49 చదరాలుగా ఉంటుంది. ఒక్కో చదరంలో ఎర వేస్తే ఒక చేప పైకి వచ్చి, కుంచెతో ఆ చోటి దీవిని పటంలో గీసి పోతుంది. వెళ్లిన చోటు మాత్రమే తెలుస్తుంది. తెలియని చోటు తెల్లగా ఉండిపోతుంది. పటం ఇక్కడ ఒక మెనూగా కాక ప్రయాణపు జ్ఞాపకంగా పనిచేస్తుంది.

2013లో వీ యూ యంత్రం కోసం వచ్చిన కొత్త కూర్పులో గాలి ఎప్పుడూ వెనుక నుంచే వీచేలా చేసే వేగవంతమైన తెరచాప ఒకటి చేరింది. సముద్ర ప్రయాణం సుదీర్ఘంగా ఉందన్న అసంతృప్తికి అది సమాధానం. ఆ అసంతృప్తి నిరాధారమైనది కాదు. ఒకే పాటను వందోసారి వాయించడంలో రసం మిగలదు. అయినా ఆ తెరచాప కొన్నాక గేమ్‌కు పేరునిచ్చిన కర్ర ప్రయాణంలో చాలావరకు అలంకారమైపోతుంది. చేయి నేర్చుకున్న విద్యను డబ్బుతో కొన్న వస్తువు రద్దు చేసిందన్నమాట. పాత తెరచాపను వాడేవారు వాడుకోవచ్చు గాని, సౌకర్యం ఎదురుగా ఉండగా అసౌకర్యాన్ని ఎంచుకునే ఓపిక అరుదు.

3. ఒక్క బొటనవేలి ఆజ్ఞ

యూబీసాఫ్ట్ మాంట్రియల్ రూపొందించిన ‘బ్లాక్ ఫ్లాగ్’లో ‘జాక్‌డా’ అనే ఓడకు ఎడ్వర్డ్ కెన్‌వే కెప్టెన్. నేర్చుకోవడానికి ఇంతకంటే అనుకూలమైన ఓడ వీడియో గేమ్‌లలో తక్కువ. ఒక బటన్ నొక్కితే తెరచాపలు ఒక్కో దశలో విచ్చుకుంటాయి. మరొకటి నొక్కితే ముడుచుకుంటాయి. యుద్ధంలో ఆయుధాన్ని జాబితా నుంచి వెతకనక్కర లేదు. ఓడ పక్కకు చూస్తే పక్క ఫిరంగులు, ముందుకు చూస్తే గొలుసుగుండ్లు, వెనక్కి చూస్తే మండే పీపాలు. చూపునే ఆజ్ఞగా మలచిన ఈ ఆలోచన రూపకల్పనలో అసాధారణమైనది. కొద్ది నిమిషాలలో చేతికి అలవాటవుతుంది, ఆ తరువాత మరుపు రాదు.

సమస్య ఆ సొగసులోనే ఉంది. బటన్ నొక్కినప్పుడు తాళ్ల మీదికి ఎగబాకే మనుషులు తెర మీద కనబడతారు. కాని వారి పని ఆడేవారి చేతికి ఎన్నడూ బరువుగా తగలదు. శత్రువు ఓడ మీదికి దూకే ఘట్టంలో సిబ్బంది ఒక సంఖ్య. తగ్గిన సంఖ్యను సముద్రంలో కొట్టుకుపోతున్న వారిని పైకి లాగో, మధుశాలలో కూలికి కుదుర్చుకునో పూడ్చుకోవచ్చు. ఎడ్వర్డ్ సహచరుడు అడెవాలే బానిసగా పుట్టినవాడు. అతడే నాయకుడైన అనుబంధ కథ ‘ఫ్రీడమ్ క్రై’లో విడిపించిన బానిసల లెక్క పెరిగే కొద్దీ కొత్త ఆయుధాలు, సదుపాయాలు అందుబాటులోకి వస్తాయి. కథ విముక్తి గురించి మాట్లాడుతుంటే ఇంటర్‌ఫేస్ ఆ మనుషులను తిరిగి అంకెలుగా లెక్కిస్తోంది. ఈ వైరుధ్యం కథను మాత్రమే చదివే విమర్శకు చిక్కదు.

పాటల సంగతి కూడా ఇక్కడే ప్రస్తావించాలి. దూరప్రయాణంలో జాక్‌డా సిబ్బంది ఓడపాటలు పాడతారు. అవి చాలా బాగుంటాయి కూడా. కానీ ఓడపాట పుట్టింది వినోదం కోసం కాదు. మన తీరంలో వల లాగేవారి ‘హైలెస్సా’ ఎందుకో ఆ పాటలూ అందుకే: పది చేతుల బలం ఒకే క్షణంలో ఒకే తాడు మీద పడాలి. బ్లాక్ ఫ్లాగ్‌లో పాట వస్తుంటే ఆడేవారు వింటారు, అంతే. విండ్ వేకర్‌లో లయే నియంత్రణ అయింది. ఇక్కడ లయ నేపథ్యసంగీతంగా మారింది.

4. పటం కింద, చక్రం పైన

బ్రిటన్‌కు చెందిన రేర్ సంస్థ రూపొందించి, మైక్రోసాఫ్ట్ 2018 మార్చి 20న విడుదల చేసిన ‘సీ ఆఫ్ థీవ్స్’ దీనికి పూర్తిగా ఎదురుగా నిలుస్తుంది. తెర మూలన చిన్న పటం ఉండదు. గమ్యాన్ని చూపే బాణం గుర్తు ఉండదు. దిక్సూచి కావాలంటే చేతిలోకి తీసుకోవాలి. నిధి ఉన్న దీవి పటం కావాలంటే దాన్నీ చేతిలోనే విప్పి పట్టుకోవాలి. ‘మీరు ఇక్కడ ఉన్నారు’ అని ఆ పటం చెప్పదు. తీరపు వంపును, కొండను, చెట్లను పోల్చి చూసుకుని ఎక్కడున్నదీ తేల్చుకోవాలి. ఇలా ఇంటర్‌ఫేస్ వస్తువులై కథాలోకంలోకే చేరిపోయింది.

పెద్ద ఓడ గ్యాలియన్‌ను నలుగురు నడుపుతారు. దానికి మూడు తెరచాపస్తంభాలు. సముద్రమంతటి పటం డెక్ కింద బల్ల మీద పరచి ఉంటుంది. చక్రం డెక్ పైన ఉంటుంది. చక్రం పట్టినవారికి పటం కనబడదు. తెరచాపలు పూర్తిగా దించితే ఎదుటి సముద్రం కూడా సరిగా కనబడదు. కింద ఉన్నవారు దిశ చెప్పాలి, ముందు నిలబడ్డవారు రాయి ఉందని అరవాలి, మరొకరు ఆకాశంలో గాలి చారలను చూసి తెరచాపను ఆ వైపు తిప్పాలి.

తెలుగు పత్రికాభాషలో చుక్కాని నాయకత్వానికి స్థిరపడిన ఉపమానం. పార్టీకి చుక్కాని, సంస్థకు చుక్కాని అంటూ దారి తెలిసిన ఒక్కరిని ఊహిస్తాం. సీ ఆఫ్ థీవ్స్ ఆ ఉపమానాన్ని తలకిందులు చేస్తుంది: అందరికంటే తక్కువ చూడగలిగేది చుక్కాని పట్టినవారే. వారి నేర్పు అంతా ఇతరుల మాటను నమ్మి చేయి కదపడంలో ఉంటుంది.

ఈ అమరిక ఊహాజనితం కాదు. ఎడ్విన్ హచిన్స్ 1995లో వెలువరించిన ‘కాగ్నిషన్ ఇన్ ది వైల్డ్’ అమెరికా నౌకాదళపు ఓడలో దిశానిర్ణయం ఎలా జరుగుతుందో పరిశీలించిన గ్రంథం. ఇరుపక్కల నిలబడి తీరపు గుర్తుల దిశ చూసేవారు, ఆ అంకెలు రాసుకునేవారు, పటం మీద గీతలు గీసేవారు కలిస్తేనే ఓడ ఎక్కడుందో తెలుస్తుంది. ఆ జ్ఞానం ఏ ఒక్కరి బుర్రలోనూ పూర్తిగా ఉండదు. మనుషుల మధ్య, పరికరాల మధ్య పంచుకుని ఉంటుందని హచిన్స్ చూపాడు. సీ ఆఫ్ థీవ్స్ సముద్రం బొమ్మల సముద్రమే అయినా, పనిని విభజించిన తీరులో వాస్తవానికి దగ్గరగా ఉంది.

చక్రం ప్రవర్తన విడిగా చెప్పుకోదగింది. కంట్రోలర్ మీది స్టిక్‌ను వదిలితే అది తనంతట తాను మధ్యకు వస్తుంది. గేమ్‌లకు అలవాటుపడిన చేయి ఓడ కూడా అలాగే నిటారు దారికి వస్తుందని ఆశిస్తుంది. ఇక్కడ చక్రాన్ని ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. తిప్పినంతా వెనక్కి తిప్పాలి. కొత్తవారు ఎక్కువగా తిప్పి, ఓడ మళ్లడం ఆలస్యమవుతోందని మరికొంత తిప్పి, తీరా అది తిరగడం మొదలుపెట్టాక ఆపలేక రాళ్లకు కొడతారు. అడుగున చిల్లులు పడి నీళ్లు వస్తాయి. అప్పుడు ఒకరు పలకలు బిగించాలి, ఒకరు బకెట్‌తో నీళ్లు తోడి బయట పోయాలి. ఓడకు బరువు ఉందన్న సంగతి ఆ తప్పుతోనే చేతికి తెలుస్తుంది. ఏ సూచనల పలక చెప్పినా ఇంత బాగా తెలియదు.

లంగరు దించడం క్షణంలో పని. ఎత్తడానికి మాత్రం కొయ్యలు పట్టుకుని నెడుతూ గుండ్రంగా తిరగాలి. ఒక్కరే నెడితే ఆలస్యం, మరొకరు చేయి వేస్తే త్వరగా పూర్తవుతుంది. బ్లాక్ ఫ్లాగ్ దాచిన బరువు ఇక్కడ మొదటి పనిలోనే బయటపడింది.

5. ఒంటరిగా ఎక్కినవారు

ఇంత చెప్పాక కూడా ఒక లోపాన్ని ఉపేక్షించరాదు. తోటివారి నుంచి నేర్చుకోవాలని కోరే గేమ్, తోటివారు ఉన్నారని ముందే అనుకుంటోంది. మాటే ప్రధాన సాధనమైనప్పుడు భాష తెలియనివారు, వినలేనివారు, అపరిచితులతో గొంతు విప్పడానికి జంకేవారు ఓడలో అదనపు బరువుగా మిగిలే ప్రమాదం ఉంది. సందర్భాన్ని బట్టి సిద్ధవాక్యాలను ఎంచుకుని పంపే సదుపాయం గేమ్‌లో ఉన్నది నిజమే. అయితే రాయి దగ్గరపడుతున్న వేళ వాక్యం వెతికే తీరిక ఎవరికి ఉంటుంది? నలుగురు తెలుగువారు కలిసి ఆడితే చుక్కాని, తెరచాప, లంగరు అన్న మన మాటలు మళ్లీ ఆజ్ఞలుగా పలకవచ్చు. ఉపమానాలుగా అరిగిపోయిన మాటలకు పని దొరకడం చిన్న సంగతి కాదు.

విడుదలైన తొలినాళ్లలో ఈ గేమ్‌లో చెప్పుకోదగ్గ శిక్షణ లేదు. కొత్తవారు ఒక మధుశాలలో కళ్లు తెరిచి, ఏం చేయాలో తామే వెతుక్కోవాలి. తరువాత ‘మెయిడెన్ వాయేజ్’ అనే శిక్షణ భాగం చేరింది. 2023 డిసెంబర్‌లో, ఇతర సిబ్బందుల బెడద లేకుండా ఆడుకునే ‘సేఫర్ సీస్’ పద్ధతి వచ్చింది. రెండూ అవసరమైనవే. ఆకలి తీర్చుకోవడం, తవ్వడం, ఓడ బాగుచేయడం శిక్షణ భాగంలో చక్కగా నేర్పుతారు. అయితే ఆ పాఠాన్ని ఎవరికి వారు ఒంటరిగానే పూర్తి చేయాలి. చక్రం పట్టిన చేతికి డెక్ కింద నుంచి దిశ చెప్పే గొంతు ఒక్కటి ఆ పాఠంలో లేదు.